కోరాపుట్ కొండల్లో ఉండగా లాప్‌టాప్‌లో టీవీ చూడడం ఎలా?

ఒడిశాలోని కోరాపుట్, రాయగడ, మల్కన్‌గిరి, గజపతి జిల్లాల లోపలి ఊళ్లకు ఉద్యోగరీత్యానో, రోడ్డు పనుల మీదనో, సర్వేల మీదనో వెళ్లి వారాల తరబడి అక్కడే ఉండిపోయే తెలుగువారు చాలామంది ఉన్నారు. సాలూరు దాటి పొట్టంగి ఘాట్ రోడ్డు ఎక్కిన తర్వాత, లేదా జైపూర్ నుంచి మల్కన్‌గిరి వైపు దిగిన తర్వాత, ఫోన్ సిగ్నల్ కొన్ని మలుపుల్లో ఉంటుంది, కొన్ని మలుపుల్లో ఉండదు. బస చేసే చోట టీవీ ఉండదు, ఉన్నా రిమోట్ మన చేతిలో ఉండదు. సంచిలో ఎలాగూ లాప్‌టాప్ ఉంటుంది కాబట్టి దాని తెరనే టీవీ తెరగా వాడుకోవడానికి ఏం కొనాలి, ఏం కొనకూడదు, డిష్ ఎటు తిప్పాలి, లాప్‌టాప్‌లో ఏం నొక్కాలి అన్నది ఒక క్రమంలో చెబుతాను.

ముందుగా కొనకూడనిది. ఆన్‌లైన్ దుకాణాల్లో పెన్‌డ్రైవ్ అంత ఉండే యూఎస్‌బీ టీవీ స్టిక్కులు, చిన్న అయస్కాంతపు యాంటెన్నాతో సహా, తక్కువ ధరకే దొరుకుతాయి. ఇవి నేల మీది టవర్ల నుంచి వచ్చే భూతల ప్రసారాలను పట్టేవి. దూరదర్శన్ తన పాత అనలాగ్ ట్రాన్స్‌మిటర్లను 2022 నాటికి దాదాపు అన్నిచోట్లా మూసివేసింది. డీవీబీ-టీ2 పద్ధతిలో డిజిటల్ భూతల ప్రసారాన్ని 2016లో మొదట 16 నగరాల్లో మొదలుపెట్టినప్పుడు ఒడిశా నుంచి ఆ జాబితాలో ఉన్నది కటక్ ఒక్కటే. కటక్ టవర్ ప్రసారం తూర్పు కనుమలు దాటి కోరాపుట్ దాకా రాదు. అందువల్ల ఆ స్టిక్కు ఎంత మంచి కంపెనీదైనా, యాంటెన్నాను ఎంత ఎత్తున కట్టినా, ఈ జిల్లాల్లో ఛానెళ్ల వెతుకులాట ‘సున్నా’ దగ్గరే ముగుస్తుంది. మహారాష్ట్ర వైపు సిరోంచ, రాజురా, కిన్వట్ ప్రాంతాలకు వెళ్లేవారికీ ఇదే మాట వర్తిస్తుంది. అక్కడి జాబితాలో ఉన్న ముంబై, ఔరంగాబాద్ రెండూ చాలా దూరం.

ఇక మిగిలింది ఆకాశం. దూరదర్శన్ వారి ఉచిత డిష్ సేవ అయిన డీడీ ఫ్రీ డిష్ ఛానెళ్లు 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద నిలిచి ఉన్న జీశాట్-15 ఉపగ్రహం నుంచి వస్తాయి. నెలవారీ చందా లేదు, కార్డు లేదు, పేరు నమోదు లేదు. తెలుగువారికి కావలసిన డీడీ సప్తగిరి, డీడీ యాదగిరి ఇందులో ఉన్నాయి. డీడీ ఒడియా, డీడీ న్యూస్, డీడీ స్పోర్ట్స్ కూడా ఉన్నాయి. ప్రైవేటు ఛానెళ్లలో ఎక్కువ భాగం హిందీవే కాబట్టి తెలుగు సీరియళ్ల కోసం దీన్ని కొంటే నిరాశ తప్పదు. క్రికెట్ అభిమానులకు మాత్రం ఒక లాభం ఉంది. జాతీయ ప్రాముఖ్యం ఉన్నవిగా ప్రకటించిన ఆటల ప్రసారాన్ని హక్కుదారులు దూరదర్శన్‌ను నడిపే ప్రసార భారతితో పంచుకోవాలని 2007 నాటి చట్టం చెబుతోంది. అలా పంచుకున్న ప్రసారాన్ని దూరదర్శన్ తన భూతల, ఫ్రీ డిష్ వేదికల మీదే చూపాలని సుప్రీంకోర్టు 2017లో తీర్పు ఇచ్చింది. ప్రైవేటు డీటీహెచ్‌లోని దూరదర్శన్ ఛానెల్‌లో కనిపించని మ్యాచ్ ఫ్రీ డిష్‌లో కనిపించడానికి కారణం ఇదే.

కొండల నడుమ లోయలో ఉన్న ఊరికి సెల్ టవరే అందనప్పుడు ఉపగ్రహం ఎలా అందుతుందని అనుమానం రావచ్చు. టవర్ సిగ్నల్ అడ్డంగా వస్తుంది, కొండ తగలగానే ఆగిపోతుంది. ఉపగ్రహం మాత్రం ఈ ప్రాంతంలో నేల నుంచి సుమారు 65 డిగ్రీల ఎత్తులో, దాదాపు నడినెత్తికి దగ్గరగా ఉంటుంది. అంత నిటారుగా లేచే కొండ పక్కనే ఉంటే తప్ప లోయ అడ్డు రాదు. నేల మీద పెట్టిన డిష్‌కు పది మీటర్ల చెట్టు కూడా అయిదు మీటర్ల అవతల ఉంటే చాలు. అసలు ఇబ్బంది పనస, మామిడి కొమ్మలు సరిగ్గా తల మీదికి వాలి ఉన్న పెరట్లోనే వస్తుంది. కాబట్టి చోటు చూసేటప్పుడు దూరపు కొండలను చూసి బెంగపడకుండా తలెత్తి పైకి చూడండి.

ఏ పెట్టె కొనాలి

లాప్‌టాప్‌కు ఉపగ్రహ ప్రసారాన్ని ఎక్కించడానికి రెండు దారులున్నాయి. మొదటిది, మామూలు ఫ్రీ డిష్ సెట్‌టాప్ బాక్సు కొని, దాని నుంచి వచ్చే బొమ్మను క్యాప్చర్ పరికరం ద్వారా లాప్‌టాప్‌కు ఇవ్వడం. రెండవది, బాక్సు లేకుండా ఉపగ్రహ సిగ్నల్‌ను పట్టే, యూఎస్‌బీ ద్వారా తగిలించే డీవీబీ-ఎస్2 ట్యూనర్‌కు డిష్ కేబుల్‌ను నేరుగా ఇవ్వడం. ఎక్కువమందికి నేను మొదటి దారినే సూచిస్తాను. బాక్సు చెడిపోతే జైపూర్‌లోనో రాయగడలోనో పర్లాకిమిడిలోనో ఏ డిష్ దుకాణంలోనైనా మరొకటి దొరుకుతుంది. ట్యూనర్ చెడిపోతే దాన్ని ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలి, అది కొండ ఎక్కి వచ్చేసరికి మీ పని ముగిసి మీరు దిగిపోతారు.

బాక్సు కొనేటప్పుడు ఎంపెగ్-4 బాక్సు అని అడిగి తీసుకోండి. ఫ్రీ డిష్‌లో కొన్ని ఛానెళ్లు పాత ఎంపెగ్-2 పద్ధతిలోనూ మరికొన్ని ఎంపెగ్-4 పద్ధతిలోనూ వస్తాయి, పాత బాక్సు రెండవ రకాన్ని చూపలేదు. వెనక వైపు మూడు రంగుల ఏవీ పిన్నులు, హెచ్‌డీఎంఐ రంధ్రం రెండూ ఉన్నాయో లేదో చూసుకోండి.

ఇక్కడ చాలామందికి ఒక అపోహ ఉంది. లాప్‌టాప్‌కు హెచ్‌డీఎంఐ రంధ్రం ఉంది కదా, బాక్సు నుంచి వైరు తెచ్చి అందులో పెడితే సరిపోతుంది కదా అనుకుంటారు. లాప్‌టాప్‌ల హెచ్‌డీఎంఐ రంధ్రం బొమ్మను బయటికి పంపడానికే, లోపలికి తీసుకోవడానికి కాదు. రెండు పరికరాలూ పంపేవే అయితే తీసుకునేది ఎవరూ ఉండరు. అందుకే మధ్యలో యూఎస్‌బీ క్యాప్చర్ కార్డు కావాలి. హెచ్‌డీఎంఐని తీసుకునేది ఒక రకం, ఏవీ పిన్నులను తీసుకునేది మరో రకం. ప్రైవేటు డీటీహెచ్ బాక్సుల హెచ్‌డీఎంఐలో నకలు నిరోధించే తాళం ఉండడం వల్ల క్యాప్చర్ కార్డులో నల్లటి తెర తప్ప ఏమీ రాకపోవచ్చు. ఏవీ పిన్నుల దారిలో ఆ ఇబ్బంది లేదు. లాప్‌టాప్ తెర మీద బొమ్మ కొంచెం మసకగా కనిపించినా ఫరవాలేదనుకునేవారికి ఏవీ క్యాప్చర్ కార్డు చౌక, నమ్మకం కూడా.

ట్యూనర్ దారి ఎవరికి మంచిదంటే, కార్యక్రమాలను రికార్డు చేసుకోవాలనుకునేవారికి. అది ఉపగ్రహం నుంచి వచ్చిన ప్రసారాన్ని యథాతథంగా ఫైలులో దాస్తుంది కాబట్టి నాణ్యత తగ్గదు. మామూలు ఛానెల్ గంటకు సుమారు 1 జీబీ పడుతుంది. అయితే ఎల్‌ఎన్‌బీకి, అంటే డిష్ ముందు చేయి చివర ఉండి సిగ్నల్‌ను పట్టే భాగానికి, 13 లేదా 18 వోల్టులు కావాలి, లాప్‌టాప్ యూఎస్‌బీ ఇచ్చేది 5 వోల్టులే, అందువల్ల ట్యూనర్‌తో వచ్చే 12 వోల్టుల అడాప్టర్‌ను తప్పనిసరిగా తగిలించాలి. అది మరిచి, సిగ్నల్ లేదని గంటల తరబడి డిష్ తిప్పేవారున్నారు. విండోస్‌లో తయారీదారు డ్రైవర్ వేసి ప్రోగ్‌డీవీబీ లేదా డీవీబీవ్యూయర్, లినక్స్‌లో కఫైన్ అనే టీవీ ప్రోగ్రామ్ వాడవచ్చు. డ్రైవర్లను మైదానంలో ఉండగానే దించుకుని పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి, కొండ మీద అవి దిగవు.

డిష్ నిలబెట్టడం

పనంతా ఇక్కడే ఉంది. అరవై సెంటీమీటర్ల ఫ్రీ డిష్, ఒక ఎల్‌ఎన్‌బీ, పది మీటర్ల ఆర్‌జీ6 కేబుల్, రెండు చివర్లా ఎఫ్ కనెక్టర్లు, ఒక మడత స్టాండు లేదా ఇనుప గొట్టం, చిన్న స్పానర్: ఇంతే సరంజామా. ముందుగా స్టాండు గొట్టం నిటారుగా నిలబడాలి. దారానికి రాయి కట్టి గొట్టం పక్కన వేలాడదీసి రెండు వైపుల నుంచీ చూడండి; గొట్టం వాలి ఉంటే తర్వాత మీరు పెట్టే కోణాలేవీ నిజం కావు. స్టాండు కాళ్ల మీద బరువైన రాళ్లు పెట్టండి, కొండగాలి రాత్రిపూట డిష్‌ను ఒక వేలెడు తిప్పినా పొద్దున్నకి ఛానెళ్లుండవు.

దిక్కుకు ఫోన్‌లోని దిక్సూచి చాలు, కానీ డిష్‌కూ ఇనుప గొట్టానికీ రెండు మూడడుగులు దూరంగా నిలబడి చూడాలి, లేకపోతే ముల్లు ఇనుము వైపు లాగుతుంది. ఉత్తరం సున్నాగా లెక్కిస్తే కోరాపుట్, జైపూర్‌లలో డిష్ చూడవలసింది సుమారు 149 డిగ్రీలు. రాయగడలో 151, పర్లాకిమిడిలో 153, మల్కన్‌గిరిలో 147. అంటే ఆగ్నేయం నుంచి దక్షిణానికి కొంచెం జరిగిన దిక్కు. సిరోంచలో అయితే 143 డిగ్రీలు, అక్కడ ఎత్తు కోణం కూడా కొంచెం తగ్గి 63కు వస్తుంది. ఒడిశా వైపు ఈ ఊళ్లన్నిటా ఎత్తు కోణం 65 డిగ్రీల దగ్గరే ఉంటుంది. అయస్కాంత ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ ఈ ప్రాంతంలో తేడా చాలా తక్కువ కాబట్టి దాన్ని లెక్కలోకి తీసుకోనక్కర్లేదు.

డిష్ వెనక బిగింపు దగ్గర గీతల కొలత ఉంటే దాన్ని 65 దగ్గర పెట్టండి. కొలత లేకపోతే కొత్తవారు పొరబడే చోటు ఇదే. ఫ్రీ డిష్‌కు ఎల్‌ఎన్‌బీ సరిగ్గా మధ్యలో కాక కింది వైపున ఉంటుంది, అందువల్ల డిష్ ముఖం కనిపించే దిక్కుకంటే దాదాపు 25 డిగ్రీలు పైకి అది చూస్తుంది. ఉపగ్రహం 65 డిగ్రీల్లో ఉంటే డిష్ ముఖం 40 డిగ్రీలే పైకెత్తినట్టు ఉండాలి. డిష్ పై అంచుకూ కింది అంచుకూ తగిలేలా ఒక కర్ర ఆనించి, దాని మీద ఫోన్ పెట్టి వాలు కొలిచే యాప్‌తో చూస్తే ఆ కర్ర నిటారు నుంచి 40 డిగ్రీలు వాలి ఉండాలి. కంపెనీని బట్టి రెండు మూడు డిగ్రీలు అటూ ఇటూ అవుతుంది.

ఎల్‌ఎన్‌బీని కూడా నిటారుగా వదిలేయకూడదు. డిష్ వెనక నిలబడి ఉపగ్రహం వైపు చూస్తున్నప్పుడు గడియారపు ముల్లుకు వ్యతిరేక దిశలో 25 నుంచి 30 డిగ్రీలు తిప్పి ఉంచండి. ఉపగ్రహం మనకు నేరుగా దక్షిణాన లేకుండా తూర్పుకు జరిగి ఉండడం వల్ల దాని తరంగాలు మన దగ్గరికి వాలి వస్తాయి, ఎల్‌ఎన్‌బీ కూడా అంతే వాలాలి.

ఇప్పుడు బాక్సును ఆపి ఉంచి కేబుల్ బిగించండి. కనెక్టర్‌లో మధ్య రాగి తీగకు పైనున్న అల్లిక పోగు ఒక్కటైనా తగిలితే షార్ట్ అవుతుంది. చివర వేలితో తడిమి చూసుకున్న తర్వాతే కరెంటు ఇవ్వండి. బాక్సు మెనూలో (అది లాప్‌టాప్ తెర మీద కనిపించాలంటే కింద ‘లాప్‌టాప్‌లో చేయవలసినవి’ భాగంలోని పని ముందే చేసి ఉండాలి) ఎల్‌ఎన్‌బీ రకాన్ని యూనివర్సల్, అంటే 9750/10600గా పెట్టి, ట్రాన్స్‌పాండర్‌గా, అంటే ఉపగ్రహం ప్రసారం పంపే మార్గాల్లో ఒకటిగా, 11090 మెగాహెర్ట్‌జ్, వర్టికల్, సింబల్ రేటు 29500 ఎంచుకోండి. తెర మీద రెండు పట్టీలు కనిపిస్తాయి. స్ట్రెంగ్త్ పట్టీని చూసి సంతోషించవద్దు, కేబుల్, ఎల్‌ఎన్‌బీ పనిచేస్తుంటే డిష్ ఎటు ఉన్నా అది నిండుతుంది. క్వాలిటీ పట్టీ కదిలితేనే ఉపగ్రహం దొరికినట్టు.

డిష్‌ను ఎడమ నుంచి కుడికి చాలా నెమ్మదిగా జరపండి. అరవై సెంటీమీటర్ల డిష్ అంచు ఒక సెంటీమీటరు జరిగితే దిక్కు దాదాపు రెండు డిగ్రీలు మారుతుంది. ఈ డిష్‌కు ఉపగ్రహం కనిపించే వెడల్పే సుమారు మూడు డిగ్రీలు. అందుకని ఒకసారికి అర సెంటీమీటరు జరిపి, బాక్సు సిగ్నల్‌ను పట్టుకోవడానికి రెండు క్షణాలు ఆగి, మళ్లీ జరపాలి. ఎవరైనా తోడుంటే ఒకరు లాప్‌టాప్ తెర చూస్తూ కేకేయడం, మరొకరు డిష్ జరపడం మేలు. ఒక పక్క నుంచి మరో పక్కకు తిప్పినా దొరకకపోతే ఎత్తును రెండు డిగ్రీలు మార్చి మళ్లీ మొదలుపెట్టండి. పక్కనే 95 డిగ్రీల దగ్గర మరో డీటీహెచ్ కంపెనీ వాడే ఉపగ్రహాలున్నాయి, వాటి మీద పడితే క్వాలిటీ వచ్చినట్టు కనిపించినా ఛానెళ్లు వేరుగా ఉంటాయి లేదా తెరుచుకోవు. క్వాలిటీ పెరిగినంత పెరిగాక ఎల్‌ఎన్‌బీని కొంచెం కొంచెం తిప్పి ఇంకా పెరుగుతుందేమో చూసి, అప్పుడు నట్లు బిగించండి. బిగించేటప్పుడే డిష్ జరిగిపోతుంది, కాబట్టి పట్టీ మీద కన్ను వేసి ఒక నట్టు కొంచెం, మరో నట్టు కొంచెం బిగించాలి. ఆ తర్వాత ఛానెళ్ల స్కాన్.

ఇవేవీ చేయకుండా తప్పించుకునే దారి కూడా ఉంది. ఈ జిల్లాల పల్లెల్లో ఫ్రీ డిష్ ఉన్న ఇళ్లు తరచూ కనిపిస్తాయి. ఆ డిష్ ఎటు చూస్తోందో, ఎంత వాలి ఉందో చూసి మీ డిష్‌ను దానికి సమాంతరంగా పెడితే సగం పని అయిపోయినట్టే.

లాప్‌టాప్‌లో చేయవలసినవి

మైదానంలో ఉండగానే వీఎల్‌సీ ప్లేయర్ వేసుకోండి. క్యాప్చర్ కార్డును తగిలించి, వీఎల్‌సీలో మీడియా మెనూకు వెళ్లి ఓపెన్ క్యాప్చర్ డివైస్ ఎంచుకోండి. వీడియో డివైస్ పేరు దగ్గర క్యాప్చర్ కార్డును ఎంచుకోవడం అందరూ చేస్తారు. ఆడియో డివైస్ దగ్గర కూడా అదే కార్డును ఎంచుకోవాలని గుర్తుండదు. అక్కడ డిఫాల్ట్ వదిలేస్తే లాప్‌టాప్ మైకు తెరుచుకుని, వార్తల బదులు గదిలోని ఫ్యాను చప్పుడు, ఆపై కీచుమనే శబ్దం వస్తాయి. బొమ్మ, శబ్దం రెండూ రాకపోతే విండోస్ ప్రైవసీ సెట్టింగుల్లో కెమెరాకూ మైక్రోఫోన్‌కూ అనుమతి ఉందో లేదో చూడండి, విండోస్ ఈ కార్డును ఒక కెమెరాగానే లెక్కిస్తుంది.

ఏవీ కార్డు వాడేవారికి బొమ్మ నలుపు తెలుపుల్లో వస్తే కార్డు చెడిపోయిందని కాదు. వీడియో ప్రమాణం అమెరికా పద్ధతిలో ఉంది, దాన్ని మన దేశంలో వాడే పాల్ (PAL) పద్ధతికి మార్చాలి. బాక్సు వెనక మూడు పిన్నులకు బదులు ఒకే చిన్న గుండ్రటి రంధ్రం ఉండి, దాని వైరు మూడుగా చీలి ఉంటే, పసుపు పిన్నులోనే బొమ్మ రావాలన్న నియమం లేదు. కంపెనీని బట్టి లోపలి అమరిక మారుతుంది, ఎరుపులోనో తెలుపులోనో పెట్టి చూడండి. పరిగెత్తే ఆటగాడి అంచుల వెంట దువ్వెన పళ్లలా గీతలు కనిపిస్తే కీబోర్డు మీద D అక్షరం నొక్కండి, మనుషులు సన్నగా సాగినట్టో లావుగా అణిగినట్టో కనిపిస్తే A అక్షరం నొక్కుతూ పోండి.

కరెంటు, వాన, పిడుగు

బాక్సు అడాప్టర్ మీద 12 వోల్టులని రాసి ఉంటే ఊళ్లో కరెంటు లేనప్పుడు 12 వోల్టుల చిన్న బ్యాటరీతో కూడా నడపవచ్చు. పిన్నులో లోపలిది ప్లస్సో మైనస్సో అడాప్టర్ మీదే బొమ్మ వేసి ఉంటుంది, దాని ప్రకారమే వైరు కలపాలి. తారుమారైతే బాక్సు కాలిపోతుంది. జీపు ఇంజను నడుస్తుండగా బ్యాటరీ 14 వోల్టుల దాకా ఇస్తుంది కాబట్టి ఇంజను ఆపి వాడడం మంచిది.

జడివానలో బొమ్మ గళ్లుగళ్లుగా చెదిరి ఆగిపోవడం కేయూ బ్యాండ్ (డీటీహెచ్ వాడే తరంగాల శ్రేణి) ప్రసారాలకు సహజం, వాన తగ్గగానే అదే వస్తుంది, ఆ సమయంలో డిష్ ముట్టుకోవద్దు. మంచు కురిసే సిమిలిగూడ ఉదయాల్లో మాత్రం ఇబ్బంది ఉండదు. మార్చి రెండో వారం ప్రాంతంలోనూ అక్టోబరు మొదట్లోనూ కొన్ని రోజుల పాటు పగలు పదకొండు ప్రాంతంలో కొద్ది నిమిషాలు సిగ్నల్ పోతుంది. సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనకకు రావడమే కారణం. ఉరుములు వినపడగానే కేబుల్‌ను బాక్సు నుంచి ఊడదీసి కిటికీ బయట పడేయండి, లాప్‌టాప్‌ను బాక్సు నుంచి విడదీయండి. ఒడిశా ప్రభుత్వం పిడుగుపాటును 2015లోనే రాష్ట్ర విపత్తుగా ప్రకటించింది, ఊరికే కాదు.

సిగ్నల్ ఉన్న కోరాపుట్, జైపూర్, రాయగడ పట్టణాల్లో బస అయితే ఇంత శ్రమ అక్కర్లేదు. ప్రసార భారతి 2024 నవంబరులో తెచ్చిన వేవ్స్ యాప్‌లో దూరదర్శన్ ఛానెళ్లు ప్రత్యక్షంగా వస్తాయి, ఫోన్ హాట్‌స్పాట్‌తో లాప్‌టాప్‌లో చూసుకోవచ్చు. నెట్ నిలకడగా లేకపోతే నాణ్యతను చేత్తో తగ్గించి పెట్టండి, ఆటోలో వదిలితే ప్రతి నిమిషం ఆగుతుంది.

చిత్రకొండ, మోటు వైపు అడవి దారుల్లో వెళ్లేవారు మరొకటి గుర్తుంచుకోవాలి. డిష్, కేబుల్ చుట్టలు, బ్యాటరీ, వైర్లు ఉన్న సంచితో కొత్తవారు కనిపిస్తే భద్రతా బలగాలు ఆపి అడుగుతాయి. బాక్సు కొన్న రసీదు, గుర్తింపు కార్డు, పని మీద వెళ్తున్నట్టు కార్యాలయం ఇచ్చిన కాగితం పై అరలోనే పెట్టుకోండి. ఊళ్లో డిష్ నిలబెట్టే ముందు సర్పంచ్‌కో వార్డు మెంబరుకో ఒక మాట చెప్పండి.